కొడవలి కణ వ్యాధి: ఆకారం కన్నా సమయమే కీలకం

బడికి వెళ్లే పిల్లవాడికి ఉన్నట్టుండి కాళ్లలో, నడుములో నొప్పి మొదలవుతుంది. దెబ్బ తగల్లేదు, పైకి గాయమేమీ కనిపించదు. రెండు మూడు రోజులు విలవిల్లాడి, తర్వాత మామూలుగా తిరుగుతాడు. బడి ఎగ్గొట్టడానికి వేస్తున్న వేషమని ఇంట్లో ఒకరంటారు, కీళ్లవాతమని ఇంకొకరంటారు. కొడవలి కణ వ్యాధి ఉన్న పిల్లలు చాలామంది మొదట పడేది ఇలాంటి మాటలే. నొప్పి మాత్రం నిజం. ఎముకలోకి రక్తాన్ని తీసుకెళ్లే సన్నని నాళాల్లో ఎక్కడో దారి మూసుకుపోతుంది. ఆ చోటికి ఆక్సిజన్ అందక వచ్చే నొప్పి అది.

జన్యువులో ఒక్క అక్షరం మారింది, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగింది, నాళంలో ఇరుక్కుంది అని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ వ్యాధి ఉన్నవారి శరీరంలో దాదాపు ప్రతి ఎర్ర రక్తకణంలోనూ ఆ మారిన హిమోగ్లోబినే ఉంటుంది. ఆ కణాలన్నీ సుమారు నిమిషానికోసారి శరీరమంతా చుట్టి ఆక్సిజన్ వదిలి వస్తూనే ఉంటాయి. మరి నాళాలన్నీ ఒకేసారి ఎందుకు మూసుకుపోవు? రోగి వారాలు, నెలల తరబడి మామూలుగా ఎలా తిరుగుతున్నాడు? ఒకే జన్యుమార్పు ఉన్న అన్నదమ్ముల్లో ఒకరు మాటిమాటికీ ఆసుపత్రిలో చేరుతుంటే, మరొకరికి నొప్పి ఎప్పుడో గానీ ఎందుకు రాదు? ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు భౌతికశాస్త్రం నుంచి వచ్చింది.

ఇందా నుంచి చూస్తే

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఇందా ఒక పేట. ఒకప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వేలో, దాని వర్క్‌షాపులో పని కోసం ఉత్తరాంధ్ర వైపు నుంచి తరలివచ్చిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఈ పట్టణంలో స్థిరపడ్డారు. బెంగాలీలు, ఒడియావాళ్లు, బిహార్ నుంచి వచ్చినవాళ్లు పక్కపక్కనే ఉంటారు. చుట్టుపక్కల పల్లెల్లో సంతాల్, ముండా, లోధా గిరిజనులున్నారు.

ఇలాంటి ఊరు రక్తవ్యాధుల విషయంలో ఒక చిక్కు. బెంగాల్‌లో రక్తం తక్కువగా ఉన్న పిల్లవాణ్ని చూడగానే ముందు గుర్తొచ్చేది తలసీమియా, దాంతోపాటు హిమోగ్లోబిన్ ఇ. కొడవలి కణ వ్యాధి అనగానే ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, మనవైపు పాడేరు ఏజెన్సీ, ఆదిలాబాద్ గుర్తొస్తాయి. కానీ పనివాళ్లు రైలెక్కితే వాళ్ల జన్యువులూ ఎక్కుతాయి. మనదేశంలో ఈ వ్యాధి గురించి తొలి నివేదికలు 1952లో వచ్చాయి. నీలగిరి కొండల గిరిజనుల గురించి లేమన్, కట్‌బుష్ రాశారు. అదే ఏడాది ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీల గురించి డన్‌లప్, మజుందార్ రాశారు. ఆ కూలీలు పని కోసం బయటి నుంచి వలస వెళ్లినవారు.

ఖరగ్‌పూర్‌లో మరొకటి కూడా ఉంది: 1951లో మొదలైన ఐఐటీ. వెంట్రుక కన్నా సన్నని కాలువల్లో ద్రవాలు ఎలా నడుస్తాయన్నది అక్కడ ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్న పరిశోధన. దాని అవసరం ఎక్కడ పడుతుందో తెలియాలంటే ముందు కణం సంగతి చూడాలి.

ఎనిమిది మైక్రాన్ల సంచి

ఆరోగ్యమైన ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 8 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఆ కణం దాటాల్సిన కేశనాళికల వ్యాసం 5 నుంచి 10 మైక్రాన్లు, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. అంటే చాలా చోట్ల మనిషి కన్నా గుమ్మం చిన్నది. అయినా కణం దూరిపోతుంది. కారణం దాని పొరలో ఉన్న వెసులుబాటు. కణం ఘనపరిమాణం 90 ఘన మైక్రాన్లకు అటూఇటూ. అంత సరుకును గోళంగా కట్టడానికి 97 చదరపు మైక్రాన్ల పొర సరిపోతుంది. ఎర్రకణానికి దాదాపు 140 చదరపు మైక్రాన్ల పొర ఉంటుంది. నిండుగా కుక్కిన బస్తా వంగదు, వదులుగా నింపినది ఎటు నొక్కితే అటు వంగుతుంది. ఎర్రకణం రెండో రకం బస్తా. లోపల కేంద్రకం లేదు, ఉన్నదంతా చిక్కటి హిమోగ్లోబిన్ ద్రావణం. ఒక్కో కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి.

ఈ మెత్తదనం ఇరుకు సందుల్లోనే కాదు, కాస్త పెద్ద నాళాల్లో కూడా పనికొస్తుంది. సుమారు 0.3 మిల్లీమీటర్ల కన్నా సన్నని గొట్టాల్లో రక్తం అనుకున్నదానికన్నా పల్చగా ప్రవహిస్తుందని ఫారియస్, లిండ్‌క్విస్ట్ అనే స్వీడన్ శాస్త్రవేత్తలు 1931లో చూపించారు. మెత్తని కణాలు గొట్టం మధ్యకు జరుగుతాయి. గోడ వెంట కణాలు లేని పల్చని ప్లాస్మా పొర మిగిలి, నూనె రాసినట్టు పనిచేస్తుంది. కణాలు బిరుసెక్కితే ఈ సౌకర్యం తగ్గిపోతుంది. దీనికి తోడు 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి వైద్యుడు పోయిజెయ్ కనిపెట్టిన సూత్రం ఒకటుంది. గొట్టం వ్యాసార్థం సగమైతే, అదే ఒత్తిడి కింద ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. గోడకు కొన్ని కణాలు అంటుకున్నా నష్టం పెద్దదే.

పాకంలో మొదటి పలుకు

చికాగోలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారపు కణాలున్నాయని 1910లో ప్రచురించాడు. ఆ రోగి కరీబియన్ దీవి గ్రెనడా నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన విద్యార్థి. ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న జబ్బని 1949లో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. ఆ తేడా ఏమిటో 1950ల నడిమధ్యలో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి, అక్కడ వేలిన్ ఉంది. గ్లుటామిక్ ఆమ్లానికి నీరంటే ఇష్టం, వేలిన్‌కు పడదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలినప్పుడు దాని ఆకృతి కొద్దిగా మారుతుంది. అప్పుడు పక్క అణువు వేలిన్ వచ్చి ఒదిగేందుకు ఒక చిన్న గుంట తెరుచుకుంటుంది. ఒకటి మరొకదానికి, అది ఇంకొకదానికి తగులుకుంటూ పోయి 14 పోగుల తాడు తయారవుతుంది. దాని మందం 20 నానోమీటర్ల చొప్పున ఉంటుంది. ఇలాంటి తాళ్లు కట్టలు కట్టి కణాన్ని లోపలి నుంచి సాగదీస్తాయి. మనం చూసే కొడవలి ఆకారం అదే.

అయితే ఈ తాడు వెంటనే తయారవదు. పటికబెల్లం చేసేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే చాలాసేపు ఏమీ కనిపించదు. ఒకసారి మొదటి పలుకు కట్టిందంటే దాని మీద మిగతావి చకచకా పేరుకుంటాయి. హిమోగ్లోబిన్ ఎస్ కూడా అంతే. కొన్ని అణువులు ఒకేచోట సరైన తీరులో కలిసినప్పుడే మొదటి పీచు నిలబడుతుంది, అంతకన్నా చిన్న గుంపులు కట్టినట్టే కట్టి విడిపోతాయి. మొదటి పీచు పుట్టాక దాని ఒంటి మీదే కొత్త పీచులు మొలుస్తాయి, ఆ తర్వాత పెరుగుదలకు పట్టపగ్గాలుండవు. పైకి ఏమీ జరగనట్టు కనిపించే ఆ తొలి వ్యవధిని జాప్యకాలం అంటారు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ప్రయోగశాలలో హాఫ్రిక్టర్, రాస్, ఈటన్ 1974లో ఈ జాప్యకాలాన్ని కొలిచారు. ఆక్సిజన్ పూర్తిగా తీసేసిన ద్రావణాల్లో హిమోగ్లోబిన్ ఎస్ గాఢత పెరిగేకొద్దీ జాప్యకాలం తగ్గింది. తగ్గడమంటే మామూలుగా కాదు, గాఢతకు దాదాపు 30వ ఘాతం చొప్పున. భౌతికశాస్త్రంలో ఇంత పెద్ద ఘాతాంకం ఎదురుకావడం అరుదు. కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. గాఢత 5 శాతం పెరిగిందనుకుంటే, 1.05ను 30సార్లు వేసి గుణించాలి. జవాబు 4.3. అంటే కణంలోని నీరు కొద్దిగా తగ్గి లోపలి ద్రావణం 5 శాతం చిక్కబడితే, జాప్యకాలం నాలుగో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. 10 శాతం చిక్కబడితే పదిహేడో వంతుకు. ఎండలో చెమటపట్టి పనిచేసిన రోజున, విరేచనాలైన రోజున నొప్పి ఎందుకు తిరగబెడుతుందో ఈ గుణకారంలో ఉంది. ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోమని వైద్యులు ఊరికే చెప్పరు.

సెక్షన్ దాటేలోపు

ఖరగ్‌పూర్ జంక్షన్ నుంచి హౌరా, టాటానగర్, మేదినీపూర్, బాలాసోర్ వైపు లైన్లు విడిపోతాయి. ఇంజనులో లోపమున్న గూడ్సు బండి ఒకటి ఇరుకైన సింగిల్ లైన్ సెక్షన్‌లోకి వెళ్లిందనుకుందాం. అది ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుందని అందరికీ తెలుసు. సెక్షన్ దాటి యార్డు చేరాక ఆగితే పెద్ద నష్టమేమీ లేదు, వర్క్‌షాపుకు పంపి బాగుచేయించవచ్చు. మధ్యలో ఆగితే మాత్రం వెనక వచ్చే బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. రైల్వే ఇళ్లలో పెరిగినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

రక్తకణం కేశనాళికను సుమారు ఒక సెకనులో దాటుతుంది. తర్వాత సిరల గుండా ఊపిరితిత్తులకు చేరడానికి మరికొన్ని సెకన్లు పడుతుంది. అక్కడ ఆక్సిజన్ అందగానే పీచులు కరిగిపోతాయి, కణం మళ్లీ మామూలవుతుంది. జాప్యకాలం ఈ ప్రయాణకాలం కన్నా ఎక్కువైతే కణం కొడవలిగా మారకుండానే ఇరుకు దాటేస్తుంది. తక్కువైతే నాళం మధ్యలోనే బిరుసెక్కుతుంది. సిరల్లో ఉండే తక్కువ ఆక్సిజన్ దగ్గర తగినంత సమయం ఇస్తే చాలా కణాలు వంగిపోతాయని, ఆ సమయం దొరకకపోవడం వల్లే ఎక్కువ భాగం తప్పించుకుంటున్నాయని 1987లో మొజరెల్లి, హాఫ్రిక్టర్, ఈటన్ లెక్కగట్టారు. రోగి నెలల తరబడి ఎలా తిరగగలుగుతున్నాడన్న ప్రశ్నకు ఇదే జవాబు. వాహకుల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ జన్యువు వచ్చినవారి కణాల్లో హిమోగ్లోబిన్ ఎస్ సుమారు 40 శాతమే. అందువల్ల జాప్యకాలం చాలా ఎక్కువ, మామూలు జీవితంలో వారికి నొప్పులు రావు.

చిక్కు ఎక్కడంటే, ఈ పందెం ఒకసారి ఓడితే ఓటమి పెరుగుతూ పోతుంది. ముందు కణం ఆగితే వెనక కణాలు నెమ్మదిస్తాయి. నెమ్మదించిన కణాలు ఆక్సిజన్ లేని చోట ఎక్కువసేపు ఉంటాయి. కాబట్టి అవీ వంగుతాయి.

మొదట కణాన్ని ఆపేదేమిటి? రోగుల కణాలు రక్తనాళం లోపలి గోడకు మామూలు కణాల కన్నా ఎక్కువగా అంటుకుంటాయని హెబెల్ బృందం 1980లో చూపింది. ఎక్కువ అంటుకునే కణాలున్నవారికి జబ్బు తీవ్రత కూడా ఎక్కువే. ధనంజయ్ కౌల్, ఫాబ్రీ, నేగెల్ 1989లో ఈ అంటుకోవడం ఎక్కడ జరుగుతోందో గమనించారు. కేశనాళికలు దాటిన వెంటనే వచ్చే చిన్న సిరల్లో కణాలు అంటుకుంటున్నాయి, దారి సన్నబడ్డాక బిరుసైన కణాలు వాటి వెనక చిక్కుతున్నాయి. అంటే కొడవలి ఆకారం కారణంలో సగమే. పైగా ఈ కణాలు త్వరగా చితికిపోతాయి. మామూలు కణం 120 రోజులు బతికితే ఇవి 10 నుంచి 20 రోజులే. చితికిన కణాల నుంచి బయటపడ్డ హిమోగ్లోబిన్, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను పీల్చేసుకుంటుంది. దాంతో నాళాలు ఇంకా ముడుచుకుంటాయి.

చలి సంగతి కొంచెం విచిత్రం. చలికాలంలో, చెరువులో ఈత కొట్టాక నొప్పులు వస్తాయని చాలామంది రోగులు చెబుతారు. కానీ ప్రయోగశాలలో చల్లబరిస్తే హిమోగ్లోబిన్ ఎస్ పీచులు కట్టడం నెమ్మదిస్తుంది, వేగం పెరగదు. మరి నొప్పి ఎందుకు? చలికి చర్మం దగ్గరి నాళాలు ముడుచుకుని కణాల ప్రయాణం ఆలస్యమవుతుంది. కణంలోని రసాయనం ఒక మేలు చేస్తుంటే ప్రవాహం అంతకు మించిన కీడు చేస్తోందన్నమాట. కణాన్ని ఒక్కదాన్నే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

చిప్ మీద రక్తనాళం

కదులుతున్న రక్తాన్నే చూడాలంటే కృత్రిమ నాళాలు కావాలి. సిలికోన్ లాంటి పారదర్శక రబ్బరులో కొన్ని మైక్రాన్ల కాలువలు అచ్చుపోసి వాటిలో రక్తాన్ని నడపడం మైక్రోఫ్లూయిడిక్స్ పని. 2007లో జాన్ హిగ్గిన్స్, ఎడింగ్టన్, సంగీతా భాటియా, ఎల్. మహదేవన్ ఇలాంటి పరికరంలో రోగుల రక్తాన్ని నడిపారు. ఆక్సిజన్ తగ్గించగానే కాలువలు మూసుకుపోయాయి, పెంచితే మళ్లీ తెరుచుకున్నాయి. కాలువ వెడల్పు, ఒత్తిడి, ఆక్సిజన్ మోతాదు మారుస్తూ మూసుకుపోవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. 2012లో ఇదే వరసలో మరో పని వచ్చింది. ఆక్సిజన్ హఠాత్తుగా తీసేసినప్పుడు రక్తం ఎంత వేగంగా నెమ్మదిస్తుందన్న ఒక్క కొలత, జబ్బు తీవ్రంగా ఉన్నవారినీ తేలిగ్గా ఉన్నవారినీ విడదీయగలిగింది. జన్యుపరీక్ష ఇద్దరికీ ఒకే ఫలితం ఇచ్చే చోట ప్రవాహ పరీక్ష తేడా చూపిందంటే అది చిన్న విషయం కాదు. 2015లో సుబ్రా సురేశ్ సహా మరో బృందం ఒక్కొక్క కణాన్నే అనుసరిస్తూ అది వంగడానికి పట్టే సమయాన్ని కొలిచింది.

ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుమన్ చక్రవర్తి పరిశోధన ఈ రంగానికి చెందినదే. సూక్ష్మమైన కాలువలోకి రక్తం దానంతట అదే ఎలా పాకుతుందో వివరించే సిద్ధాంత పత్రాన్ని ఆయన 2005లో ప్రచురించారు. నీటికి వేసిన లెక్క రక్తానికి సరిపోదు, ఎందుకంటే కణాల వల్ల దాని చిక్కదనం వేగాన్ని బట్టి, కాలువ వెడల్పును బట్టి మారుతుంది. 2022లో ఆయన బృందం తడి కాగితపు పట్టీ మీద ఒక్క రక్తబిందువు వేసి, అది పరుచుకునేటప్పుడు ఏర్పడే ఆకృతిని ఫోన్ కెమెరాతో చదివి రక్తహీనతను గుర్తించే పద్ధతిని వివరించింది. అదే ఏడాది ఆయనకు ఇన్ఫోసిస్ బహుమతి దక్కింది. కాగితం, ఫోను, ఒక చుక్క రక్తం అనే పద్ధతి కరెంటు నమ్మకం లేని ఊళ్లకు ఎక్కువ ఉపయోగం. రబ్బరు చిప్‌లో ఆక్సిజన్‌ను నియంత్రించే పరికరాలు ఇంకా ఆ స్థాయికి రాలేదు. ఆసుపత్రి బల్ల మీద జాప్యకాలాన్ని కొలిచే చవక పరికరం ఎవరు చేసినా, దానికి ఈ రెండు దారులూ కలవాలి.

మందు గడువు పెంచుతుంది

పుట్టిన బిడ్డకు మొదటి ఆరు నెలలు సాధారణంగా నొప్పులు రావు. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఎఫ్ ఇంకా మిగిలి ఉండటమే కారణం. అది తాడులో ఇమడదు. ఎస్ అణువుల మధ్య దూరి వాటి గాఢతను తగ్గిస్తుంది, జాప్యకాలాన్ని పెంచుతుంది. ఒడిశా, మధ్య భారతంలో కనిపించే రకంలో ఈ హిమోగ్లోబిన్ ఎఫ్ పెద్దయ్యాక కూడా ఎక్కువగానే ఉంటుంది. అందుకే చాలామందిలో జబ్బు ఆఫ్రికా సంతతివారిలో కన్నా కొంత తేలిక. అందరిలోనూ కాదు.

హైడ్రాక్సీయూరియా మాత్ర చేసేది ఇదే. హిమోగ్లోబిన్ ఎఫ్‌ను పెంచుతుంది, కణాన్ని కాస్త ఉబ్బేలా చేసి గాఢత తగ్గిస్తుంది. 1995లో వెలువడిన అమెరికా పరీక్షలో 299 మంది పెద్దవారు పాల్గొన్నారు. ఏడాదికి నొప్పి దాడుల మధ్యస్థ సంఖ్య ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 4.5, మందు తీసుకున్నవారిలో 2.5. ధర అందుబాటులోనే ఉంటుంది, కానీ రక్తపరీక్షలు చేయిస్తూ వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. జన్యువును కత్తిరించి హిమోగ్లోబిన్ ఎఫ్‌ను తిరిగి పుట్టించే కాస్‌గెవీ చికిత్సకు 2023 డిసెంబరులో అమెరికా అనుమతి వచ్చింది. ఖరీదు 22 లక్షల డాలర్లు. మరోవైపు, ఆక్సిజన్‌ను వదలకుండా పట్టి ఉంచేలా చేసే వాక్సెలోటార్‌ను 2019లో అనుమతించారు. నొప్పి దాడులు, మరణాల లెక్కలు ఆందోళన కలిగించడంతో 2024లో తయారీదారే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 

రక్తం ఎక్కించడం గురించి ఒక మాట. రక్తం తక్కువగా ఉంది కదా అని ఎక్కువ ఎక్కిస్తే మంచిదని బంధువులు అనుకుంటారు. బిరుసైన కణాలున్న రక్తం చిక్కబడితే ప్రవాహం ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే వైద్యులు మామూలుగా ఎక్కించేటప్పుడు హిమోగ్లోబిన్ 10 గ్రాముల స్థాయిని పెద్దగా దాటనివ్వరు.

ఏ పరీక్ష, ఎవరికి

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పశ్చిమ బెంగాల్ సహా 17 రాష్ట్రాల్లో, ముఖ్యంగా గిరిజన ప్రాంతాల్లో, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించడం లక్ష్యం. శిబిరాల్లో తరచూ మొదట చేసేది ద్రావణీయత పరీక్ష. రసాయనం కలిపినప్పుడు రక్తద్రావణం మసకబారితే హిమోగ్లోబిన్ ఎస్ ఉన్నట్టు. అది వాహకుడిదా, రోగిదా అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. దానికి ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాలి.

ఇందా లాంటి చోట ఇంకో మెలిక ఉంది. భార్యాభర్తలిద్దరూ కొడవలి కణ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది చాలామందికి తెలుసు. ఒకరు కొడవలి కణ వాహకులు, మరొకరు బీటా తలసీమియా వాహకులు అయినా అదే నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు కొడవలి కణ జబ్బు రావచ్చు. బీటా తలసీమియా వాహకుడి రక్తం ద్రావణీయత పరీక్షలో మసకబారదు, కాబట్టి అతనికి ఏమీ లేదనే ఫలితం వస్తుంది. శ్రీకాకుళం మూలాలున్న అబ్బాయి, బెంగాలీ అమ్మాయి పెళ్లి చేసుకుంటున్న పట్టణంలో ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ చేయించడమే సరైన పద్ధతి. పెళ్లికి ముందు కుదరకపోతే గర్భం నిలిచిన తొలి వారాల్లోనైనా చేయించాలి. ఇద్దరి ఫలితాలూ చేతిలో ఉంటే, గర్భంలోని బిడ్డకు జబ్బు ఉందో లేదో 10 నుంచి 12 వారాల మధ్య మాయ నుంచి తీసిన చిన్న నమూనాతో తెలుసుకునే వీలుంది.